క్రియ చివరి మర్యాద: సేవాసంస్థల రాతలో తెలుగు

(గిడుగు వెంకట రామమూర్తి గారి స్మారక ఉపన్యాస పాఠం)

పొద్దున్నే బస్సెక్కి జిల్లాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు మీరు. మీలో చాలామంది ఏడాదికోసారి వార్షిక నివేదిక రాసేవారు. దాతలకు ఉత్తరాలు, ఊళ్ళో పంచే కరపత్రాలు, ఫొటోల కింద రెండు ముక్కలు రాసేవారు కూడా మీరే. "మేం రచయితలం కాదండీ, ఏదో అవసరానికి రాస్తాం" అని ఇందాక టీ తాగుతూ ఒకరిద్దరు అన్నారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ అవసరానికి రాసే రాత గురించే.

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు చెప్పగానే వాడుకభాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ సభకు మాత్రం ఆయన జీవితంలోని ఇంకో సగం ఎక్కువ దగ్గర. 1863లో శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. అక్కడ కొండల మీది సవరలను చూశారు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. అందుకు ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాట పోగుచేసుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో వాళ్ళకు బడి పెట్టండి అన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. ఆ కొండల్లో తిరిగినప్పుడు పట్టిన మలేరియాకు క్వినైను వాడి వాడి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు.

1940 జనవరి 15న ఆయన పత్రికా సంపాదకుల ముందు తన చివరి విన్నపం వినిపించారు. సరిగ్గా వారానికి, 22న, కన్నుమూశారు. కడసారిగా ఆయన అడిగింది రాసేవాళ్ళనే. అందుకే ఈ వేదిక మీద సేవాసంస్థల రాత గురించి మాట్లాడటం ఆయన పనికి దూరమని నేను అనుకోను.

నేను చెప్పదలచింది ఒక్కటే. తెలుగులో ఒక మనిషికి ఇచ్చే గౌరవం ఆ మనిషికి పెట్టిన పేరులో కొంచెమే ఉంటుంది. మిగిలినదంతా క్రియలో ఉంటుంది. మన సంస్థలు తమ రాతగాళ్ళకు ఏ భాషా సూచనలు తయారుచేసుకున్నా అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

1

అయినా పేర్ల సంగతి ముందు చెప్పక తప్పదు. భాష గురించి మన సమావేశాల్లో ఎప్పుడు చర్చ వచ్చినా "ఏమని పిలవాలి" అన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. కుంటివాడు, గుడ్డివాడు అనేవి ఒకప్పుడు మామూలు మాటలు. తర్వాత వికలాంగులు అన్నాం. ఆ తర్వాత విభిన్న ప్రతిభావంతులు అన్నాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దివ్యాంగులు అనే మాట సూచించాక చాలాచోట్ల బోర్డులు మళ్ళీ మారాయి. బోర్డు మారిన ఆఫీసు మెట్లు మాత్రం ఎన్ని ఉండేవో అన్నే ఉన్నాయి. పెన్షన్ కోసం, బస్సు పాసు కోసం రోడ్ల మీద కూర్చున్నవారు తమ సంఘాలకు వికలాంగుల హక్కుల పేరే పెట్టుకున్నారు. వాళ్ళు తమ కోసం ఎంచుకున్న మాటను వాళ్ళ తరఫున మనం సరిదిద్దకూడదు. మనిషి ఎదురుగా ఉంటే అడిగి, ఆ మనిషి చెప్పిన మాటే రాయండి.

అడిగే వీలు లేనప్పుడు విడమరిచి రాయడం మేలు. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అన్నిటినీ ఒకే మాటలో కట్టేస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. చూపు లేదా, వినికిడి లేదా, తలసీమియా ఉందా? అది చెప్పండి. "చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు" అని రాస్తుంటాం. ఆ కుర్చీ వచ్చాకే ఆయన గుమ్మం దాటి బజారుకు వెళ్తున్నారేమో చూశారా?

ఇక "గ్రస్తులు". వ్యాధిగ్రస్తులు, కుష్ఠుగ్రస్తులు, ఎయిడ్స్ గ్రస్తులు అని మన కరపత్రాల నిండా ఉంటుంది. గ్రస్తం అంటే మింగబడినది. రాహుగ్రస్తం, కేతుగ్రస్తం అని గ్రహణాల గురించి పంచాంగంలో చదువుతాం. జబ్బు మింగేసిన మనిషికి మందు ఎందుకు, పని ఎందుకు, ఓటు ఎందుకు? ఆ ఒక్క మాట మన కరపత్రం ఉద్దేశాన్నే కాదంటోంది. "హెచ్ఐవితో జీవిస్తున్నవారు" కొంచెం పొడుగైనా అందులో జీవించడం అనే క్రియ ఉంది. అందుకే నాకది ఇష్టం.

కుష్ఠు విషయంలో నేనింకొంచెం ఆగుతాను. ఇక్కడ తప్పు మాట మర్యాదకే కాదు, నిజానికి కూడా విరుద్ధం. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ఆస్పత్రి మొదలుపెట్టిన నాటికి ఆ జబ్బును నమ్మకంగా నయంచేసే మందు లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో మందులు మింగితే అది నయమవుతోంది. వేళ్ళు వంకర పోయి ఉండవచ్చు, అరికాలికి స్పర్శ తెలియకపోవచ్చు. జబ్బు మాత్రం లేదు. 30 ఏళ్ళ కిందట మందుల కోర్సు పూర్తిచేసిన మనిషిని ఇవాళ "కుష్ఠురోగి" అని రాయడం పచ్చి అబద్ధం. 2016 వికలాంగుల చట్టం కూడా "కుష్ఠు నయమైన వ్యక్తి" అనే అంటుంది. 1898 నాటి పాత కుష్ఠు చట్టం 2016లో రద్దయింది. 2019 దాకా కొన్ని వివాహ చట్టాల్లో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది, దాన్నీ తీసేశారు. చట్టం తీసేసినదాన్ని మన కరపత్రం ఇంకా మోస్తోంది.

"అనాథ" గురించి రెండు మాటలు. నాథుడు లేనివాడు అని అర్థం. తల్లిదండ్రులు పోయాక అమ్మమ్మ కూలికెళ్ళి పెంచుతున్న పిల్లను కూడా దాతల ఉత్తరంలో అనాథ అని రాస్తాం. అప్పుడు ఆ అమ్మమ్మ ఏమైంది? "తల్లిదండ్రులు లేరు, అమ్మమ్మ పెంచుతున్నారు" అని రాస్తే పిల్లకు ఏం కావాలో దాతకు ఎక్కువ తెలుస్తుంది.

2

ఇప్పుడు క్రియకు వస్తాను.

చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థ వార్షిక నివేదిక అచ్చుకు పోయేముందు నా చేతికొచ్చింది. పేర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, వికలాంగులు అన్నచోటల్లా మారుస్తూ వచ్చారు. మొదటి పేజీలో "దాత గారు తమ సతీమణితో విచ్చేశారు, చీరలు అందజేశారు" అని ఉంది. అదే పేరాలో "చీర అందుకున్న సూరమ్మ ఆనందంతో కన్నీరు పెట్టుకుంది, చేతులు జోడించింది" అని ఉంది. దాత వయసు నలభై ఉండవచ్చు. సూరమ్మ అని నేనిక్కడ పిలుస్తున్న ఆ మనిషికి డెబ్భై దాటాయి. నలభై ఏళ్ళాయన విచ్చేశారు, డెబ్భై ఏళ్ళావిడ పెట్టుకుంది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను కానీ దిద్దలేదు. అప్పటికి నాకది తప్పుగా తోచలేదు. అది అచ్చయింది, ఆ తప్పు నాది.

మన భాషలో ఇది ఎంత లోతుగా ఉందో చూడండి. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఆమె వచ్చింది. మూడింటికీ క్రియ ఒక్కటే. మగవాడికి "వచ్చాడు" అని వేరే రూపం ఉంది. స్త్రీకి ఏకవచనంలో వేరే రూపం లేదు. గౌరవం చూపాలంటే బహువచనమే దారి. వ్యాకరణాలు మహత్తు, అమహత్తు అని చెప్పేది ఇదే. తెలుగు కట్టడమే ఇది, దీన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఈ కట్టడం తెలిసిన రాతగాడికి ఒక బాధ్యత వచ్చిపడుతుంది. పేద ఆడమనిషిని గురించి రాసే ప్రతి వాక్యం చివరా మనం ఒక నిర్ణయం తీసుకుంటున్నాం. తీసుకుంటున్నామని తెలియకుండా తీసుకుంటున్నాం.

"మా అమ్మ వచ్చింది అనే కదా అంటాం, అది అగౌరవమా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. కాదు. అమ్మను నువ్వంటాం, దేవుణ్ణి నువ్వంటాం. అక్కడ చనువుంది, ఆ చనువు ఇచ్చింది వాళ్ళే. ఊళ్ళో మీరు "అవ్వా, తిన్నావా?" అని అడిగితే అది మర్యాదే. ఆమె కూడా మిమ్మల్ని "ఏరా నాయనా" అంటుంది. అచ్చులోకి వచ్చేసరికి ఆ చనువు వెంట రాదు. హైదరాబాదులోనో డాలస్‌లోనో నివేదిక చదివే దాతకు ఆమె అవ్వ కాదు. అక్కడ "వచ్చింది" అనేది ఆమె స్థానాన్ని చెబుతుంది, బంధుత్వాన్ని చెప్పదు.

కనుక నేను పనిచేసిన చోట ఒకే నియమం పెట్టుకున్నాం: ఒకే పేజీలో రెండు రకాల క్రియలు వద్దు. దాత "వచ్చారు" అయితే సాయం అందుకున్న మనిషీ "వచ్చారు". దాత పేరు చివర గారు ఉంటే ఆమె పేరు చివరా ఉంటుంది, లేదా ఇద్దరికీ ఉండదు. పిల్లల విషయంలో "చదువుతోంది, ఆడుతున్నాడు" అని రాస్తాం. దాత గారి అబ్బాయి వచ్చి కేకు కోస్తే అతనికీ అదే వర్తిస్తుంది. ఈ ఒక్క నియమం మీద మాకు జరిగినంత వాదన మరి దేని మీదా జరగలేదు. "దాతలు నొచ్చుకుంటారు" అన్నారు. ఒక్కరూ నొచ్చుకోలేదు. వాళ్ళ క్రియ తగ్గలేదు గదా, ఇంకొకరిది పెరిగింది.

పేర్లలోనూ ఇదే చరిత్ర ఉంది. తెలంగాణ పల్లెల్లో దొరల ముందు ఎల్లమ్మ ఎల్లిగా, మల్లయ్య మల్లిగాడుగా నిలబడిన కాలం ఎంతో దూరంలో లేదు. చివరి "అమ్మ", చివరి "అయ్య" పోరాడి నిలబెట్టుకున్నవి. ఫారంలో గడి చిన్నదని వాటిని కత్తిరించకండి.

3

క్రియ రూపం కంటే పెద్ద ప్రశ్న, ఆ క్రియ ఎవరిది అన్నది.

శ్రీకాకుళం జిల్లాలో మేం మేకలు ఇచ్చిన ఒకావిడ గురించి నేనే రాసిన వాక్యం ఇది: "నిరుపేద వితంతువైన ఆమెకు మా సంస్థ మేకలు అందజేసి, శిక్షణనిచ్చి, ఆమె జీవితంలో వెలుగులు నింపింది." ఇందులో క్రియలు లెక్కపెట్టండి. అందజేసింది సంస్థ. శిక్షణనిచ్చింది సంస్థ. వెలుగులు నింపిందీ సంస్థే. ఆమె ఏం చేశారు? ఈ వాక్యంలో ఏమీ చేయలేదు. ఆమె ఒక "కు", ఒక "లో". మేకలకు తెల్లారకముందే ఆకు కోసుకొచ్చినది, రాత్రంతా కూర్చుని ఈనిన మేకను కాచుకున్నది, పొదుపు సంఘంలో కంతులు కట్టినది ఎవరు?

అచ్చయిన ఆ నివేదికను ఆవిడ చేతికిచ్చి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని అన్నారు: "అప్పు నానే తీర్చినాను గదా బాబూ. ఆ మాట రాయనేదేటి?"

ఆ మాట తర్వాత నాకు నివేదికలు చదివే పద్ధతే మారిపోయింది. "రైతులకు అవగాహన కల్పించారు" అని రాస్తాం. కల్పించేది లేనిదాన్ని. యాభై ఏళ్ళు దుక్కి దున్నిన మనిషికి అవగాహన లేదని, మధ్యాహ్నం రెండు గంటల సదస్సులో మనం కల్పించామని ఆ మాటకు అర్థం. "రైతులు కొత్త విత్తనం గురించి అడిగారు, వ్యవసాయాధికారి చెప్పారు, ఇద్దరు రైతులు తమ పొలంలో చూసిన తెగులు గురించి చెప్పారు" అని రాస్తే జరిగింది జరిగినట్టు ఉంటుంది. "చైతన్యపరిచారు" కూడా ఇలాంటిదే. మూర్ఛపోయినవాణ్ణి చైతన్యపరుస్తారు.

ఇంకొక క్రియ ఉంది, పాల్పడటం. దొంగతనానికి పాల్పడ్డాడు, హత్యకు పాల్పడ్డాడు, అవినీతికి పాల్పడ్డాడు. ఆ వరుసలోనే "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని రాస్తున్నాం. అప్పుల్లో కూరుకుపోయిన కౌలురైతును దొంగల వరుసలో నిలబెట్టే మాట అది. ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. "ప్రాణం తీసుకున్నారు" అని రాయండి. ఎలా తీసుకున్నారో రాయకండి. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళు చదువుతారు, అదే కష్టంలో ఉన్న పక్కింటివాళ్ళూ చదువుతారు.

4

గిడుగు వారు గ్రాంథికంతో పోరాడారు. మన రంగంలో ఇప్పుడు కొత్త గ్రాంథికం ఒకటి తయారైంది. అది సంస్కృత కావ్యాల నుంచి రాలేదు, ఇంగ్లీషు ప్రాజెక్టు పత్రాల నుంచి వచ్చింది. సామర్థ్య నిర్మాణం, భాగస్వామ్య పక్షాలు, జీవనోపాధుల సుస్థిరత, లక్షిత సమూహం. "మహిళలకు సామర్థ్య నిర్మాణ కార్యక్రమం నిర్వహించబడింది" అంటే ఏమిటని నేను ఒక కార్యకర్తను అడిగాను. "బ్యాంకులో ఫారం నింపడం నేర్పాం సార్" అన్నాడు. ఎంత మంచి వాక్యం! అది నోట్లో ఉంది, కాగితం మీదికి రాలేదు.

ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఈ గ్రాంథికం ప్రమాదం కూడా. మధుమేహం, రక్తపోటు, క్షయ, రక్తహీనత అని కరపత్రంలో వేస్తాం. ఊళ్ళో జనం షుగరు, బీపీ, టీబీ అంటారు. రక్తహీనతకు "ఒంట్లో రక్తం తక్కువుంది" అంటారు. టీబీ అన్నది ఇంగ్లీషు కదా అని క్షయ రాస్తే, దగ్గుతున్న మనిషి ఆ కాగితం తన గురించి కాదనుకుని మడిచి పెడతాడు. జనం నోట్లో నలిగిన ఇంగ్లీషు ముక్క తెలుగే. రామమూర్తి గారు సవర పిల్లలకు వాళ్ళింటి మాటల్లో వాచకం రాసింది ఈ బుద్ధితోనే. ఆదిలాబాదు కరపత్రాన్ని విజయవాడ తెలుగులో అచ్చువేసే మనకు ఆ పాఠం ఇంకా అందలేదు. అక్కడి గోండులు తమను తాము కోయితూర్ అంటారు. ఆ సంగతి తెలియకుండా వాళ్ళ గురించి ఇరవై పేజీలు రాసిన నివేదికలు నేను చూశాను.

బూదరాజు రాధాకృష్ణ గారు పత్రికల్లో చేరిన కుర్రవాళ్ళకు కూర్చోబెట్టి తెలుగు వాక్యం నేర్పారు. సేవాసంస్థల్లో చేరిన కుర్రవాళ్ళకు అలా నేర్పినవారు లేరు. ఈ సభలో పెద్దలున్నారు, ఆ పని ఎవరైనా తలకెత్తుకోవాలని నా కోరిక.

5

చివరిగా పేరు, ఫొటో.

గోదావరి లంకల్లో, లంకలగన్నవరంలో, దొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె ఫొటో కావాలని అధికారి వస్తే, పేరు కోసం పెట్టడం లేదని ఆమె ఒప్పుకోలేదని, ఆ అధికారి ఉద్యోగం పోతుందని బతిమాలితేనే కూర్చున్నారని చెప్పుకుంటారు. పెట్టిన మనిషికే ఫొటో అంటే అంత బిడియం. పుచ్చుకునే మనిషికి ఎంత ఉంటుందో మనం అడుగుతున్నామా? బియ్యం సంచి చేతిలో పెట్టి, అటు తిరగమని, నవ్వమని అంటున్నాం.

చట్టం కొన్ని గీతలు గీసింది. హెచ్ఐవి ఉన్న మనిషి సంగతి ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్ఐవి చట్టం చెబుతోంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, ఫొటో ప్రచురించకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. పేరు మార్చి ఊరి పేరు, తండ్రి వృత్తి, బడి పేరు ఉంచితే మార్చినట్టు కాదు. మూడు వందల ఇళ్ళున్న ఊళ్ళో ఆ పిల్ల ఎవరో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

చట్టం చెప్పనిది ఒకటుంది. రాసినదాన్ని అచ్చుకు ముందు ఆ మనిషికి చదివి వినిపించడం. ఇందుకు డబ్బు అక్కర్లేదు. ఒక పూట కావాలి, ఆమె పని నుంచి తిరిగి వచ్చేదాకా అరుగు మీద కూర్చునే ఓపిక కావాలి. సంతకమో వేలిముద్రో వేయించుకున్న కాగితం మన కోసం. చదివి వినిపించడం ఆమె కోసం.

మేకలావిడ దగ్గరికి మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాను. ఈసారి రాతప్రతి పట్టుకెళ్ళాను. "సంస్థ ఆమెకు నాలుగు మేకలు అప్పుగా ఇచ్చింది. ఆమె వాటిని పెంచారు, మేకపిల్లల్ని అమ్మి ఏడాదిన్నరలో అప్పు తీర్చారు, ఇంటికి రేకులు వేయించుకున్నారు" అని చదివాను. "తీర్చారు" అన్నచోట ఆవిడ తల ఊపారు. చివరిదాకా విన్నారు. తర్వాత అన్నారు: "నాలుగిట్లో రెండు సచ్చిపోనాయి బాబూ. అదీ రాయండి."

ఆ మాట ఏ నివేదికలోనూ లేదు. మేకలు చచ్చిపోయాయని దాతలకు చెప్పడం మాకు ఇష్టం లేక రెండేళ్ళుగా దాచిపెట్టాం. చచ్చిపోయిన రెండింటి అప్పు కూడా ఆవిడ మిగిలిన రెండింటితోనే తీర్చారు. కలం తీసి, ఆవిడ చూస్తుండగానే, "నాలుగు మేకలు అప్పుగా ఇచ్చింది" తర్వాత "వాటిలో రెండు చనిపోయాయి" అని రాశాను.